బాల్య కీళ్లవాత పరిశోధన: బార్బరా ఆన్సెల్ దీర్ఘకాలిక పరిశీలనాపద్ధతి

1. ఉపోద్ఘాతం

కీళ్లవాతం వయసు మళ్లినవారి వ్యాధి అన్న అభిప్రాయం సమాజంలో నేటికీ బలంగా ఉంది. పసివారిలో కనిపించే కీళ్లవ్యాధిని పెద్దల వ్యాధికి చిన్న రూపంగా భావించడం వల్ల, దాని స్వరూపం, గమనం, పర్యవసానం చాలాకాలం ప్రత్యేక అధ్యయనానికి నోచుకోలేదు. ఈ స్థితిని మార్చినవారిలో బ్రిటిష్ వైద్యపరిశోధకురాలు బార్బరా ఆన్సెల్ (1923-2001) ముఖ్యులు. ఆమె కృషికి మూలబలం కొత్త ఔషధం కాదు; ఒకే రోగిని ఏళ్ల తరబడి గమనించిన పరిశీలన. ఈ అంశాన్ని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. పూర్వరంగం

లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి చెందిన జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ 1897లో 22 మంది పిల్లల వివరాలతో ఒక పరిశోధనపత్రం ప్రచురించారు. జ్వరం, లింఫు గ్రంథుల వాపు, ప్లీహం పెరగడం వంటి లక్షణాలున్న రూపం పెద్దల వ్యాధికి భిన్నమైనదని, పిల్లల్లో కనిపించేది ఒకే వ్యాధి కాదని అందులో సూచించారు. అయితే కాలక్రమంలో 'స్టిల్ వ్యాధి' అన్న పేరు పిల్లల దీర్ఘకాలిక కీళ్లవాపులన్నింటికీ వాడుకలోకి వచ్చింది. స్టిల్ చూపిన భేదాన్ని ఆయన పేరే మరుగుపరచింది.

3. టాప్లో విభాగం

ఇంగ్లండులోని టాప్లోలో ఉన్న కెనడియన్ రెడ్‌క్రాస్ స్మారక ఆసుపత్రిలో 1947లో బాలల వాతవ్యాధుల ప్రత్యేక విభాగం ఏర్పడింది. దీనికి ఎరిక్ బైవాటర్స్ నాయకత్వం వహించారు. తొలినాళ్లలో అక్కడి ప్రధాన సమస్య రుమాటిక్ జ్వరం. జీవన పరిస్థితులు మెరుగుపడటం, పెన్సిలిన్ వాడుక పెరగడం వల్ల ఆ జ్వరం తగ్గుముఖం పట్టింది. దానితో పరిశోధకుల దృష్టి దీర్ఘకాలిక కీళ్లవాపు వైపు మళ్లింది. బర్మింగ్‌హామ్‌లో వైద్యవిద్య పూర్తిచేసిన ఆన్సెల్ 1951లో ఈ విభాగంలో చేరారు.

4. పరిశీలన నుంచి విభజనకు

తొలి పరీక్షలో ఒకేలా కనిపించిన పిల్లలు పదేళ్ల తర్వాత భిన్నమైన స్థితులకు చేరుకోవడం టాప్లో పరిశీలనల్లో స్పష్టమైంది. కొందరు పూర్తిగా కోలుకున్నారు. మగపిల్లల్లో కొందరికి తర్వాతి కాలంలో వెన్నెముక బిగుసుకుపోయే వ్యాధి బయటపడింది. పెద్దల కీళ్లవాతంలో సాధారణంగా కనిపించే రుమటాయిడ్ ఫ్యాక్టర్ పిల్లల్లో అధికశాతం మందిలో లేదు.

ఈ విభజన పుస్తకాలకే పరిమితమైన చర్చ కాదు. నాలుగు లేదా అంతకన్నా తక్కువ కీళ్లలో వాపు ఉన్న పసిపిల్లల వ్యాధి పైకి తేలికగా కనిపిస్తుంది. కాని వారిలో కొందరికి నొప్పి గాని ఎరుపు గాని లేకుండానే కంటి లోపల వాపు వచ్చి చూపు దెబ్బతింటుంది. ఏ బిడ్డ ఏ వర్గానికి చెందినదో తెలిస్తేనే స్లిట్ ల్యాంప్ పరీక్ష ఎవరికి, ఎంత తరచుగా అవసరమో తెలుస్తుంది.

5. చికిత్సాదృక్పథం

స్టెరాయిడ్లు వాపును తగ్గించినా పిల్లల ఎదుగుదలను అడ్డుకుంటాయి. అందుకే వాటిని దినం విడిచి దినం ఇచ్చే పద్ధతిని ఆన్సెల్, బైవాటర్స్ పరిశీలించారు. కీళ్లు తీవ్రంగా దెబ్బతిన్న యువరోగుల శస్త్రచికిత్సపై జార్జ్ ఆర్డెన్‌తో కలిసి ఆమె రూపొందించిన గ్రంథం 1978లో వెలువడింది. వ్యాయామ చికిత్స, చదువు, కుటుంబ జీవితం కూడా వైద్యంలో భాగమేనన్నది ఆమె దృక్పథం.

6. నామకరణ సమస్య

1970లలో అమెరికా నిపుణులు 'బాల్య రుమటాయిడ్ కీళ్లవాతం' అన్న పేరును, 6 వారాల వ్యవధిని ప్రమాణంగా తీసుకోగా, ఐరోపా నిపుణులు 'బాల్య దీర్ఘకాలిక కీళ్లవాతం' అన్న పేరును, 3 నెలల వ్యవధిని స్వీకరించారు. రెండు వర్గీకరణల పరిధి వేరు కావడంతో ఒక ఖండపు ఫలితాలను మరో ఖండపు ఫలితాలతో నేరుగా పోల్చడం కష్టమైంది. 1990లలో అంతర్జాతీయ నిపుణుల సంఘం ప్రతిపాదించి, 2001లో ఎడ్మంటన్‌లో సవరించిన 'బాల్య ఇడియోపతిక్ కీళ్లవాతం' వర్గీకరణ ఈ అంతరాన్ని చాలావరకు తొలగించింది. అందులోని 7 వర్గాలకు ఆన్సెల్ తరం పరిశీలనలు పునాదిగా నిలిచాయి.

7. ముగింపు

ప్రత్యేక ఆసుపత్రికి చేరేవారిలో తీవ్రవ్యాధిగ్రస్తులే ఎక్కువ. కనుక టాప్లో ఫలితాలను సమాజమంతటికీ యథాతథంగా అన్వయించలేము. ఈ పరిమితి ఉన్నప్పటికీ, వ్యాధి నిజస్వరూపం ఒక్క పరీక్షలో కాక కాలగమనంలో వెల్లడవుతుందని ఆ పరిశీలనలు నిరూపించాయి. 1976 నుంచి నార్త్‌విక్ పార్క్‌లో వాతవ్యాధుల విభాగానికి నాయకత్వం వహించి, 1988లో పదవీ విరమణ చేసిన ఆన్సెల్ వృత్తిజీవితమంతా ఈ సూత్రానికే కట్టుబడి సాగింది. బాల్య వాతవ్యాధిశాస్త్రం ప్రత్యేక శాఖగా నిలదొక్కుకోవడంలో ఆమె పాత్ర కీలకమైనది.