'యాంబిగ్యుటీ' - 'సందిగ్ధత': ఒక పరిభాషా పరిశీలన

ఆంగ్లంలోని 'యాంబిగ్యుటీ' లాటిన్ మూలం గల పదం. 'ఆంబి' అంటే ఇరువైపులా, 'అగెరె' అంటే నడపడం. ఎటు పోవాలో తేలని స్థితిని సూచించే ఈ మాట చట్టంలోనూ తర్కంలోనూ నేటికీ దోషవాచకమే. సాహిత్య విమర్శలో దీనికి గుణవాచక స్థానం కల్పించిన గ్రంథం విలియం ఎంప్సన్ 1930లో ప్రకటించిన 'సెవెన్ టైప్స్ ఆఫ్ యాంబిగ్యుటీ'. ఒకే ప్రయోగం భిన్నస్పందనలకు అవకాశమిచ్చే అర్థచ్ఛాయలన్నిటినీ ఆయన ఈ పేరుతో వ్యవహరించి, వాటిని కవిత్వశక్తికి ఆధారంగా నిరూపించాడు.

తెలుగులో దీనికి 'సందిగ్ధత' అనే సమానార్థకం వాడుకలో ఉంది. అయితే మమ్మటుని 'కావ్యప్రకాశం'లో సందిగ్ధం దోషాలలో ఒకటి, శ్లేష అలంకారం. పింగళి సూరన 'రాఘవపాండవీయం'లో రామకథ, భారతకథ రెండూ కవి ఉద్దేశించిన నిశ్చితార్థాలే. అక్కడ సందేహానికి తావు లేదు. మన అలంకారికులు దోషంగా, అలంకారంగా వేరుచేసిన ఈ రెంటినీ ఎంప్సన్ పదం ఒక్కచోట చేరుస్తుంది.

అందువల్ల ఒక కవితలో సందిగ్ధత ఉందన్నప్పుడు అది ప్రశంసో ఆక్షేపణో స్పష్టం కాదు. అర్థాలు పరస్పరం పోషించుకునే చోట 'అనేకార్థత' అనీ, అర్థమే తేలని చోట 'సందిగ్ధత' అనీ వ్యవహరిస్తే ఈ అస్పష్టత తొలగుతుంది.