కళా చరిత్ర - మ్యూజియం వృత్తి

శిల్పాలు, చిత్రాలు, కట్టడాలు ఏ కాలంలో, ఎవరి ఆదరణతో, ఏ శైలిలో రూపొందాయో పరిశీలించే శాస్త్రం కళా చరిత్ర. మ్యూజియంలో క్యూరేటరు కాదలచినవారికి ఇది మూల విద్య. వస్తువులను భద్రపరచడం, నమోదు చేయడం, ప్రదర్శించడం నేర్పే మ్యూజియాలజీ దీనికి తోడు.

కృష్ణా జిల్లా ఉయ్యూరు ప్రాంతపు విద్యార్థులు ఈ శాస్త్రానికి సంబంధించిన శిల్పాలను సమీపంలోనే చూడవచ్చు. విజయవాడలోని బాపు మ్యూజియం (పూర్వపు విక్టోరియా జూబిలీ మ్యూజియం)లో అల్లూరు బుద్ధ విగ్రహం ఉంది. అదే జిల్లాలోని ఘంటసాల ప్రాచీన బౌద్ధ క్షేత్రం. అయితే కృష్ణా తీరపు శిల్పసంపదలో చాలా భాగం తరలిపోయింది. జగ్గయ్యపేట మాంధాత శిల్పం చెన్నైలోను, ఘంటసాల శిల్పాలు కొన్ని పారిస్‌లోని గిమే మ్యూజియంలోను, అమరావతి పలకలు చెన్నై, లండన్‌లలోను ఉన్నాయి.

బ్రిటిష్ మ్యూజియంలోని ఒక అమరావతి పలకకు రెండు వైపులా శిల్పం ఉంది. ఒకవైపు బుద్ధుని రూపం లేదు; బోధివృక్షాన్ని, ఖాళీ ఆసనాన్ని భక్తులు పూజిస్తుంటారు. ఇది సుమారు క్రీ.పూ. 1వ శతాబ్దపు పని. క్రీ.శ. 3వ శతాబ్దంలో అదే రాతిని తిప్పి, వెనుకవైపు స్తూపాన్ని చెక్కారు. శైలీభేదం తెలియని ఉద్యోగి దీనిని ఒకే కాలపు పనిగా నమోదు చేస్తే సుమారు మూడు వందల యేళ్ళ చరిత్ర కనుమరుగవుతుంది. లండన్‌లో ఇవి "ఇలియట్ మార్బుల్స్"గా పేరుపడినా నిజానికి పాలరాళ్ళు కావు, పలనాటి సున్నపురాళ్ళు.

మద్రాసు మ్యూజియంలోని అమరావతి శిల్పాలపై 1942లో గ్రంథం వెలువరించిన సి.శివరామమూర్తి సంస్కృత పండితుడు. తరువాత ఢిల్లీ నేషనల్ మ్యూజియం డైరెక్టరయ్యాడు. బరోడా విశ్వవిద్యాలయంలో మ్యూజియాలజీ బోధన 1952లో మొదలైంది. అమరావతి పలకలపై దాతల పేర్లు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో ఉన్నందున ఈ రంగంలోనికి వచ్చేవారు ఆ రెండింటినీ కొంతైనా నేర్చుకోవలసి ఉంటుంది.