పరీక్ష: చుట్టూ తిరిగి చూసే చూపు

తెలుగువాళ్ళం పరీక్ష రాస్తాం. ఒడియావాళ్ళు, హిందీవాళ్ళు పరీక్ష ఇస్తారు. ఒడిశాలోని రాయగడ జిల్లా టికిరి లాంటి చోట ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నడిచే పిల్లల నోట ‘పరీక్ష ఇచ్చొచ్చాం’ అనే మాట దొర్లితే ఆశ్చర్యపోనక్కర్లేదు. అయితే రాయడానికి గానీ ఇవ్వడానికి గానీ ఆ మాటలో చోటు లేదు. అందులో ఉన్న పని ఒక్కటే, చూడటం.

‘పరి’ అంటే చుట్టూ. పరిధి, పరిసరం, కోట చుట్టూ తవ్వే పరిఖ, అన్నిటా అదే. ‘ఈక్ష’ అంటే చూపు, అక్షికి దగ్గరి చుట్టం. ఈ ధాతువు మొదట్లో ‘చూడగోరు’ అనే అర్థంలో పుట్టిన సన్నంత రూపమని భాషాశాస్త్రజ్ఞులంటారు. తెలుసుకోవాలనే కోరిక జిజ్ఞాస, తాగాలనే కోరిక పిపాస. ఆ వరసలో చూడాలనే కోరిక ఈక్ష. లాటిన్ ‘ఓకులుస్’, ఇంగ్లీషు ‘ఐ’ దీనికి దూరదేశపు దాయాదులు.

ముందు తగిలించే ఉపసర్గను బట్టి ఈ చూపు ఎన్ని వేషాలు వేస్తుందో! ప్రేక్షకుడు కూర్చుని చూస్తాడు. ఉపేక్షించేవాడు చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. నిరీక్షణ హిందీలో తనిఖీ, తెలుగులో ఎదురుచూపు. ఇక అపేక్ష. మనకది మక్కువ, కోరిక. ఒడియాలో వేచి ఉండటం. కోరాపుట్–రాయగడ రైలు మార్గంలో ఉన్న టికిరి స్టేషన్లో ఎవరైనా ‘టికిఏ అపేక్షా కరంతు’ అన్నారంటే కాస్త ఆగమని. కొత్తగా వచ్చిన తెలుగువాడు మాత్రం తనని కొంచెం ఆశపడమంటున్నారేమిటని తికమకపడొచ్చు. (ఆ ‘టికిఏ’కీ ఊరి పేరుకీ ముడిపెట్టాలని చెయ్యి దురద పెడుతోంది. ఆధారం లేని వ్యుత్పత్తి కాబట్టి చెయ్యి వెనక్కి తీసుకుంటున్నాను.)

సంస్కృతం రాకముందు ఈ కొండల్లో చూపుకి మాట లేకపోలేదు. కాశీపురం చుట్టుపక్కల కోందుల కుయి, కువి భాషలు మనతో ఒకే శాఖకి చెందిన ద్రావిడ భాషలు. మన ‘చూ’ కుయిలో ‘సూ’ అయింది, కువిలో ‘హూ’ అయింది. చ మెత్తబడి స, స మెత్తబడి హ. తెలుగు ఈ క్రియకి ఇంకో పని కూడా అప్పజెప్పింది. తిని చూడు, అడిగి చూడు, నొక్కి చూడు. కళ్ళతో నిమిత్తం లేని ఈ ‘చూడు’ అచ్చతెలుగు పరీక్ష.

పరీక్ష ప్రాకృతంలో ‘పరిక్ఖ’ అయింది. మన ‘పరికించు’ ఆ దారిన వచ్చిందే. గుజరాతీల ఇంటిపేరు పారిఖ్ కూడా పరీక్షకుడే. నాణెం మంచిదో చెడ్డదో తేల్చేవాడికి ఆ పేరు. కౌటిల్యుడు ఆ ఉద్యోగిని రూపదర్శకుడు అన్నాడు. ఏ పేరు పెట్టినా చేసే పని చూడటమే.

పరీక్షిత్తు పేరు చూడండి. కురువంశం పరిక్షీణమైన వేళ పుట్టాడు గనుక ఆ పేరని భారతం. ఆ లెక్కన రి హ్రస్వం కావాలి. వేదంలో హ్రస్వంతోనే కనిపిస్తుంది. భాగవతం దీర్ఘానికే ఓటేసి కథ చెప్పింది. తల్లి గర్భంలో తనను కాపాడిన పురుషుణ్ణి పసివాడు చూశాడు. పుట్టాక ఎదురైన ప్రతి మనిషినీ ‘అతను వీడేనా?’ అని పరకాయించి చూసేవాడు. అందుకే పరీక్షిత్తు. వ్యాకరణానికి మొదటి కథ, నా మనసుకి రెండోది.

ఎందుకంటే పేటెంటు ఆఫీసులో కూర్చునే పరీక్షకుడిది అచ్చంగా ఆ చూపే. బడి పరీక్ష మనకేం వచ్చో అడుగుతుంది. పేటెంటు పరీక్ష ‘దీన్ని ఇంతకుముందు ఎక్కడైనా చూశామా?’ అని అడుగుతుంది.

సర్క్యూట్ బోర్డు సంగతి తీసుకుందాం. బోర్డుకి లోహపు కాలు అతకాలంటే పాత పద్ధతి టంకం. టంకశాలలోని టంకం నాణెం. కంసాలి వేసే టంకం వెనక ఉన్నది టంకణం, అంటే వెలిగారం. ఈ టంకం బాధే లేకుండా నొక్కితే చాలు కూర్చుండిపోయే అతుకులు వచ్చాయి. ఒక రకంలో పిన్ను నడుమ సూది బెజ్జం లాంటి కన్ను ఉంటుంది. బోర్డులోని రంధ్రం దానికన్నా ఒక పిసరు ఇరుకు. నొక్కితే కన్ను ముడుచుకుని దూరుతుంది. దూరాక మళ్ళీ విచ్చుకోవాలని రంధ్రం గోడల్ని ఒత్తుతూనే ఉంటుంది. ఆ ఒత్తిడే పట్టు, ఆ పట్టులోంచే కరెంటు. ఇంకో రకంలో కొక్కెం తల ఉన్న ప్లాస్టిక్ నాలుక బోర్డు అంచు దగ్గర వంగి, దాటగానే టక్కుమని వెనక్కి వస్తుంది.

ఇలాంటి అతుకు మీద అర్జీ వస్తే పరీక్షకుడు మొదట అంతర్జాతీయ వర్గీకరణలో హెచ్01ఆర్ అనే అర తెరుస్తాడు. విద్యుత్ కనెక్టర్లన్నీ అందులోనే. అర్జీలో చెప్పిన అంగాలన్నీ ఒకే పాత పత్రంలో దొరికితే కొత్తదనం పోయినట్టే. దొరకకపోతే రెండు పాత పత్రాలు పక్కపక్కన పెట్టి, ఆ పని తెలిసినవాడికి ఈ రెండిటినీ కలపాలని సులువుగా తట్టదా అని అడుగుతాడు. ఇక్కడే ‘పరి’కి పని పడుతుంది. కొక్కెం, గాడి, నొక్కు, టక్కు అనేవి కనెక్టర్ల సొత్తు కావు. డబ్బా మూతల్లో ఉన్నాయి, బొమ్మల్లో ఉన్నాయి. జర్మనీలో హెరిబర్ట్ బవర్ 1885లో పేటెంటు తీసుకున్న నొక్కుడు బొత్తం, మన దర్జీలు రవికలకు కుట్టే టిచ్ బటన్, ఆ జాతిదే. అయితే ప్రతి కొక్కేనికీ టిచ్ బటన్ని సాక్షిగా లాక్కురావడం న్యాయం కాదు. రవిక కరెంటు మోయదు కదా! ఎంత చుట్టు చూడాలి, ఎక్కడ ఆగాలి అన్నదే పరీక్షకుడి పాండిత్యం.

మన 1970 పేటెంట్ల చట్టంలో సెక్షన్ 3(ఎఫ్) ఈ చూపుకి ఒక గీత గీసింది. తెలిసిన పరికరాల్ని అటూ ఇటూ మార్చి అమర్చి, ఏది చేసే పని అది విడిగా చేసుకుపోతుంటే అది ఆవిష్కరణ కాదు. దీనికి ముందు చట్టం కింద నడిచిన వ్యాజ్యం ఒకటి 1978లో సుప్రీంకోర్టు తేల్చింది. బిష్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్, హిందుస్తాన్ మెటల్ ఇండస్ట్రీస్ మధ్య తగవు. గిన్నెల్ని లేతు మీద చెదరకుండా పట్టి ఉంచే ఉపాయం మీద పేటెంటు అది. కోర్టు దాన్ని పనిచోట జరిగే మామూలు మెరుగుదలగానే లెక్కగట్టి పేటెంటు చెల్లదంది. గిన్నెని పట్టే తగవైనా, పిన్నుని పట్టే అర్జీలకి ఈనాటికీ అదే తీర్పు ఎదురొస్తుంది.

ఇంకో తమాషా ఉంది. అర్జీ పెట్టినంత మాత్రాన ఈ దేశంలో ఎవరూ పరీక్షించరు. పరీక్షించండి అని విడిగా కోరాలి. గడువు పూర్వం 48 నెలలు, 2024 సవరణతో 31 నెలలకు తగ్గింది. గడువు దాటితే అర్జీ వెనక్కి తీసుకున్నట్టే లెక్క. అంటే అర్జీదారు ముందు తెలుగు అర్థంలో అపేక్షించాలి, తర్వాత ఒడియా అర్థంలో. అభ్యంతరాల నివేదిక వచ్చాక జవాబుకి 6 నెలలు.

అర్జీ ఏ ఆఫీసు లెక్కలోకి వస్తుందన్నది ఊరిని బట్టి. ఆంధ్రలోని పార్వతీపురంలో ఉండేవాడి అర్జీ చెన్నై పేటెంటు ఆఫీసు పరిధి. టికిరిలో ఉండే తెలుగువాడు అదే కొక్కెం గీసి పంపితే అది కోల్‌కతా ఆఫీసు లెక్కలోకి పోతుంది.