నార్ల వేంకటేశ్వరరావు: సంపాదకీయము నుండి నాటకమునకు

ఆంధ్ర వాఙ్మయ చరిత్రకారులు పత్రికారచనమును, సృజనాత్మక రచనమును వేఱువేఱు ప్రకరణములలో చేర్చుట పరిపాటి. నార్ల వేంకటేశ్వరరావుగారి (1908-1985) కృషి ఈ విభాగమునకు లొంగదు. సంపాదకీయము చేయజాలని పనికై ఆయన నాటకమును చేపట్టెనని నిరూపించుటయే ఈ వ్యాసోద్దేశము.

నార్లవారు జబల్పూరులో జన్మించినను, వారి కుటుంబమునకు స్వగ్రామము గుడివాడ-బందరు రైలుమార్గమునందలి కవుతరము. 'శంబుకవధ' కర్తయగు త్రిపురనేని రామస్వామిచౌదరిగారి అంగలూరును ఈ ప్రాంతముననే కలదు. పురాణకథలను హేతుదృష్టితో విచారించు సంప్రదాయము నార్లవారికి ఇంటిముంగిటనే లభించినదన్నమాట.

తొలినాళ్లలో ఆయన 'జనవాణి', 'ప్రజామిత్ర' మున్నగు పత్రికలలో పనిచేసిరి. వ్యావహారికమున సంపాదకీయములు వ్రాసిన తాపీ ధర్మారావుగారి సాహచర్యము ఆయనకు 'జనవాణి'లో దొరకినది. 1938లో మద్రాసున వెలసిన 'ఆంధ్రప్రభ'కు 1942 నుండి 1959 వరకు, పిదప 1960లో విజయవాడలో ఆరంభమైన 'ఆంధ్రజ్యోతి'కి ఆయన సంపాదకులు. వాడుకపలుకులతో, చిన్నవాక్యములతో దినపత్రిక భాషను సామాన్య పాఠకునకు చేరువ చేసిరి. కథానికలును వ్రాసిరి కాని, వారి ప్రతిభకు తగిన రంగము అది కాలేదు. 'కొత్తగడ్డ' ఏకాంకికలతో నాటకమే వారికి అనువైన ప్రక్రియయని తేలినది.

సంపాదకీయమున వినబడునది ఒకే గొంతు. ప్రతిపక్షమును రచయితయే సంగ్రహించి, రచయితయే ఖండించును. నాటకమునందు ప్రతిపక్షమునకు స్వంత నోరుండును. 'జాబాలి'కి మూలము అయోధ్యాకాండలో రాముని అయోధ్యకు మరలుమని కోరిన జాబాలి వాదము. 'సీతజోస్యము'నకు అరణ్యకాండయందు సీత చేసిన హెచ్చరిక ఆధారము. వైరము లేనివారిని వధింపరాదని ఆమె రామునకు చెప్పి, ఇంద్రుడు దాచుకొమ్మనిచ్చిన ఖడ్గమును నిత్యము మోసి క్రూరుడైన తాపసుని కథను ఉదాహరించును. మూలమున ఈ రెండు వాదములును త్వరలోనే అణగిపోవును. వానిని మరల విచారణకు తెచ్చుట నార్లవారి నాటకరచనకు జీవము.

అయితే 'సీతజోస్యము'నకు సుదీర్ఘమైన పీఠిక అవసరమైనదనుట గమనింపదగినది. పాత్రల సంభాషణము వాదమునంతటిని మోయునన్న నమ్మకము సంపాదకునకు పూర్తిగా కలుగలేదేమో! పాత్రలు కొన్నియెడల మనుష్యులుగా గాక పక్షములుగా మాటలాడుటయు ఇందువలననే. 1981లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము ఈ నాటకమునకే లభించినది.

దినపత్రికలోని వాక్యమునకు ఆయుర్దాయము ఒక దినము. నలువది యేండ్లకు పైబడిన పత్రికానుభవమునుండి నార్లవారు నాటకమునకు తెచ్చిన సొత్తు ప్రశ్నించు అలవాటు. ఆ సొత్తును విడిచి వారి నాటకములను బేరీజు వేయుట, నాటకములను విడిచి వారిని సంపాదకునిగా మాత్రమే స్మరించుట, రెండును అసమగ్రములే.