నురుగును వెచ్చగా నిలిపే మట్టి

విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలో గోదావరి అని పేరు పెట్టిన బ్లాస్టు ఫర్నేసు ఒకటి ఉన్నది. అందులో నుండి కరిగిన ఇనుము సుమారు 1,500 డిగ్రీల సెంటిగ్రేడు వేడితో బయటికి వస్తుంది. ఆ లోహాన్ని మోసే లాడిల్ అనే పెద్ద బాన పైకి చూస్తే ఉక్కుదే. లోపల మాత్రం అంతా మట్టి. అనగా అగ్నికి ఓర్చే ఇటుకల పేర్పు. ఆ మట్టి లేకపోతే ఇనుము దారిలోనే చల్లబడుతుంది, బాన కూడ దక్కదు.

ఆ కర్మాగారపు ఊరైన ఉక్కునగరంలో, పుష్యమాసపు ఉదయం ఒక ఉపాధ్యాయుడు గడ్డం గీసుకొనటానికి కూర్చున్నాడనుకొందాము. స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలో వేడినీటితో సబ్బు నురుగు చేస్తాడు. బుగ్గలకు పట్టించే సరికి అది చల్లబడి ఉంటుంది. మట్టి చేయవలసిన పనిని ఆయన ఉక్కుకు అప్పగించాడు!

నురుగు వెచ్చగా ఎందుకుండాలి? గడ్డపు వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీనుతో ఏర్పడినది. పొడిగా ఉన్నప్పుడు అది బిరుసు. కొద్ది నిమిషాలు నీరు పీల్చుకొంటే మెత్తబడి, తక్కువ బలానికే తెగుతుంది. నీరు వెచ్చనిదైతే ఈ పని త్వరగా జరుగుతుంది. ఆ నీటిని వెంట్రుకల మీద నిలిపి ఉంచేదే నురుగు. కాని నురుగులో ఎక్కువ భాగం గాలి. దానిలో దాగిన వేడి బహు స్వల్పం. 45 డిగ్రీల వేడిగల 10 గ్రాముల నురుగును, 25 డిగ్రీల వద్ద ఉన్న 100 గ్రాముల స్టీలు గిన్నెలో వేశామనుకొందాము. స్టీలు విశిష్టోష్ణం 0.12. నురుగుకు నీటి విశిష్టోష్ణాన్నే, అనగా 1, తీసుకొనవచ్చును. విద్యార్థులు లెక్క కడితే రెండూ 34 డిగ్రీల వద్ద కలుసుకొంటాయని తేలుతుంది. అది మన శరీరపు వేడికన్న తక్కువ.

ఈ చిక్కును పందొమ్మిదవ శతాబ్దంలో ఐరోపా, అమెరికాల కుమ్మరులు పింగాణితో విప్పారు. అంతకు ముందు అక్కడి మంగలి చేతిలో ఉండేది వెడల్పైన పళ్లెం వంటి పాత్ర. మెడకు ఆనేందుకు దాని అంచున ఒక నొక్కు ఉండేది. 1605లో వెలువడిన సెర్వాంటిస్ నవలలో డాన్ క్విక్సోట్ శిరస్త్రాణమని భ్రమపడి నెత్తిన పెట్టుకొన్నది ఇటువంటి ఇత్తడి పళ్లెమే. కొత్త పాత్ర వేరు విధమైనది. కడుపులో వేడినీరు, ఒక ప్రక్క బ్రష్షు ముంచేందుకు వెడల్పాటి మూతి, పైన సబ్బు ఉంచుకొనే చిల్లుల తట్ట. ఆ మూతి బొగ్గులు మోసే తొట్టి మూతిని పోలి ఉన్నందున ఇంగ్లీషువారు దీనికి ఆ తొట్టి పేరే పెట్టి ‘స్కటిల్’ అన్నారు. ఈ కాలపు కుమ్మరులు చేసే స్కటిల్ ఇంకొంత మారింది. ఒక గిన్నెలో ఇంకొక గిన్నె ఇమిడి ఉంటుంది. రెండు గోడల నడుమ వేడినీరు, లోపలి గిన్నెలో నురుగు.

దీని లెక్క కూడ చూడండి. 500 గ్రాముల పింగాణి పాత్ర 25 డిగ్రీల వద్ద ఉన్నది. అందులో 80 డిగ్రీల నీరు 300 గ్రాములు పోశాము. పింగాణి విశిష్టోష్ణం సుమారు 0.2. అంతా కలిసి 66 డిగ్రీల వద్ద నిలుస్తుంది. అనగా నీటి వేడిలో 14 డిగ్రీలు పాత్రయే మింగివేసింది. ఇక 10 గ్రాముల నురుగును 30 నుండి 45 డిగ్రీలకు తేవటానికి 150 క్యాలరీలు చాలును. ఇంత పాత్రకు, నీటికి అది లెక్కలోనిది కాదు. వాటి వేడి అర డిగ్రీ కూడ తగ్గదు. పైగా పింగాణి ఉష్ణవాహకత స్టెయిన్‌లెస్ స్టీలు వాహకతలో సుమారు పదవ వంతు. అందువలన నీటి వేడి గోడగుండా మెల్లగా పోతుంది.

మట్టి పాత్ర అనగానే ఏ మట్టి అయినా పనికి వస్తుందని తలచరాదు. వేసవిలో మన కూజా నీటిని చల్లబరుస్తుంది కదా! తక్కువ సెగలో కాలిన ఆ మట్టికి సన్నని రంధ్రాలుంటాయి. వాటిగుండా ఊరిన నీరు ఆవిరి అవుతూ వేడిని తీసుకొనిపోతుంది. నురుగు గిన్నెకు కావలసినది ఆవకాయ జాడీ జాతి పాత్ర. 1,200 డిగ్రీలకు పైబడిన సెగలో కాలి, మట్టి కొంత కరిగి గట్టిపడి, పైన గాజు వంటి మెరుగు పూత ఉన్నది. ఒకే మన్ను సెగను బట్టి చలువ కుండగాను, వెచ్చని గిన్నెగాను మారటం గమనింపదగినది.

ఇంతవరకు గిన్నె మాట. కత్తి మాట ఎత్తితే మట్టి కథ మన ఊళ్లకే వస్తుంది. 1794లో బొంబాయి నుండి డాక్టర్ స్కాట్ లండను రాయల్ సొసైటీకి ‘ఊట్జ్’ అనే ఉక్కు ముద్దలను పంపాడు. మరుసటి ఏడు జార్జ్ పియర్సన్ వాటిని పరీక్షించి వ్యాసం ప్రకటించాడు. ఊట్జ్ అనేది తెలుగు, కన్నడ భాషల ‘ఉక్కు’ మాటకు వికృతి అని పండితుల అభిప్రాయం. లండనులో కత్తుల పనివాడైన జేమ్స్ స్టోడార్ట్ ఆ ఉక్కుతో శస్త్రచికిత్స పరికరాలనూ, మంగలికత్తులనూ చేసి, ఐరోపా ఉక్కుకన్న ఇది మేలని తన వ్యాపార ప్రకటనలో చాటుకొన్నాడు. 1820లో మైఖేల్ ఫారడే ఆయనతో కలిసి ఉక్కు మిశ్రలోహాలపై పరిశోధన ప్రకటించాడు. ఆ లోహాలలో ఒకదానితో చేసిన మంగలికత్తులను ఫారడే తన మిత్రులకు కానుకగా ఇచ్చేవాడట.

ఇటువంటి ఉక్కు తయారైన చోట్లలో నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం ఒకటి. అక్కడి పద్ధతిని వాయిసీ అనే శాస్త్రజ్ఞుడు చూసి వ్రాసినది ఆయన మరణానంతరం 1832లో అచ్చయినది. బంకమన్నులో వరిఊక కలిపి చేసిన మూసలలో ఇనుమును ఉంచి, మూతి మూసి, కొలిమిలో గంటల తరబడి కాల్చేవారు. ఇనుము కర్బనాన్ని పీల్చుకొని కరిగేది. మూసలోనే మెల్లగా చల్లారేది. ఆ తరువాత మూసను పగులగొట్టి ముద్దను తీసేవారు. డమాస్కస్ కత్తిని పొగిడే గ్రంథాలకు కొదువ లేదు. ఆ సెగకు కరగని మూసను ఊకతో, మట్టితో చేసినవారి పేరు ఒక్కటి కూడ మనకు మిగలలేదు. ఇది మన చరిత్ర రచనలో పెద్ద లోటని ఈ వ్యాసకర్త నమ్మకం.

1904లో జిల్లెట్‌కు సేఫ్టీ రేజరుపై పేటెంటు లభించింది. క్షౌరం మంగలి అంగడి నుండి ఇంటికి చేరింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఒక ఆపద పుట్టింది. సరిగా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకల బ్రష్షుల ద్వారా పశువుల దొమ్మ వ్యాధి, అనగా ఆంత్రాక్స్, సైనికులకు సోకింది. గడ్డం గీసినప్పటి చిన్న గాటు చాలును. 1920లో బ్రిటన్ జపాను బ్రష్షుల దిగుమతిని నిషేధించింది. ఆ సూక్ష్మజీవి బీజాలు వెచ్చని నీటికి చావవు. స్కటిల్ వేడి వాటి మీద పనిచేయదు. 1950 ప్రాంతంలో డబ్బాలో నొక్కి నింపిన నురుగు వచ్చాక స్కటిల్ దాదాపు మరుగున పడి, మళ్లీ ఈ శతాబ్దంలో చేతిపని కుమ్మరుల వద్ద కనిపించింది.

కొనేవారు చూడవలసినవి కొన్ని ఉన్నవి. లోపలి గిన్నె అడుగున గరుకైన గీతలుంటే నురుగు త్వరగా లేస్తుంది. మెరుగు పూతలో సన్నని బీటలు ఉండరాదు. ఆ పూతలో సీసం ఉండరాదు. నీరు పోసే మూతి వేలు పట్టేంత ఉంటే కడగటం సులభం.

వాడేటప్పుడు మరిగే నీటిని చల్లని పాత్రలో ఒక్కసారిగా పోయరాదు. లోపలి పొర వ్యాకోచించి, బయటి పొర వ్యాకోచించక పింగాణి పగులుతుంది. ముందుగా గోరువెచ్చని నీరు పోసి పారబోసి, తరువాతనే వేడినీరు నింపాలి. ఉక్కు కర్మాగారంలో కూడ లాడిల్‌ను మంటతో బాగా కాచిన తరువాతనే అందులో ఉక్కు పోస్తారు. కారణం రెండు చోట్లా ఒకటే: ఇటుక పగలకూడదు, లోహపు వేడిని పాత్ర మింగకూడదు. నురుగును 45 డిగ్రీలు దాటనీయరాదు. దాటితే తడి ఆరి నురుగు కూలిపోతుంది, చర్మం మండుతుంది.

స్కటిల్ దొరకనివారు ఒక పింగాణి గిన్నెను వెడల్పైన జాడీ మూతలోనో, పెద్ద గిన్నెలోనో ఉంచి చుట్టూ వేడినీరు పోసుకొనవచ్చును. పని ముగిసేసరికి ఆ నీరు గోరువెచ్చగా మిగులుతుంది. బ్రష్షును కడిగి, విదిలించి, గాలికి ఆరవేయటానికి అది సరిపోతుంది.