అడంగల్‌లో ఎవరి పేరు

ఆంధ్రలో అడంగల్ అన్నా, తెలంగాణలో పహాణీ అన్నా ఊరి పొలాల లెక్కే. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, వేసిన పైరు, నీటి ఆధారం, వీటి నడుమ రెండు గళ్లు: ఒకటి పట్టాదారుది, రెండోది అనుభవదారుది, అంటే పొలం చేస్తున్నవాడిది. రెండింట్లోనూ ఒకే పేరుంటే పేచీ లేదు. వేరువేరు పేర్లున్నా, రెండో గడి ఖాళీగా ఉన్నా, బ్యాంకు అప్పు దగ్గర్నుంచి పంట నష్టపరిహారం దాకా ప్రతిదీ తగువే. కొన్ని దేశాలు బాగుపడి కొన్ని ఎందుకు వెనకబడ్డాయన్న చర్చలో రాజ్యాంగాల గురించీ మార్కెట్ల గురించీ చాలా మాట్లాడతారు. వ్యవసాయం మీద బతికే దేశాల్లో మాత్రం ఆ జవాబు చాలావరకు ఇలాంటి దస్తరాల్లో ఉంది. సర్కారు ఎవరిని తన లెక్కలోకి ఎక్కించుకుంటే భూమి మీద పెట్టుబడి పెట్టే ధైర్యం వాళ్లకే వస్తుంది.

ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు. 1802లో అది ఉత్తర సర్కారులకు వచ్చింది. పాత జమీందార్లకు సనదులు ఇచ్చారు. జమీందారు లేని హవేలీ భూముల్ని ముఠాలుగా కోసి వేలం వేశారు. కంపెనీకి కావలసింది ఏటా తప్పకుండా వచ్చే పేష్కషు. అరక దున్నేవాడి పేరు దాని పుస్తకంలో ఉండవలసిన పని లేదు. ముఠాదార్లలో చాలామంది కిస్తీలు కట్టలేక కొద్దికాలానికే చేతులెత్తేశారు. ఆ భూములు మళ్లీ వేలానికొస్తే కంపెనీయే కొనుక్కుంది. ఇదే కాలంలో, 1800లో నిజాం వదులుకున్న దత్తమండలాల్లో కలెక్టరు థామస్ మన్రో మరో దారి పట్టాడు. పొలం పొలం కొలిపించి, శిస్తు నిర్ణయించి, రైతు పేరనే పట్టా రాయించాడు. 1820లో మద్రాసు గవర్నరై వచ్చాక రైత్వారీ అనే ఈ పద్ధతిని జమీందారీలు కాని ప్రాంతాలకు విస్తరించాడు. ఒకే కంపెనీ ఏలుబడిలో, ఒకే భాష మాట్లాడే జనం మధ్య, రెండు రకాల దస్తరాలు పక్కపక్కనే నడిచాయి. ఆర్థికవేత్తలకు ఇంతకంటే మంచి ప్రయోగశాల దొరకదు.

ఆ ప్రయోగశాలను దేశమంతటికీ విస్తరించి అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ 2005లో ఒక పరిశోధన ప్రచురించారు. జమీందారీ నడిచిన జిల్లాలు స్వాతంత్ర్యం తర్వాత సాగు పెట్టుబడిలో, దిగుబడిలో వెనకబడ్డాయని, 1965 తర్వాత అంటే హరిత విప్లవం రోజుల్లో ఆ తేడా ఇంకా పెరిగిందని తేల్చారు. దీనికి ఒక ఆక్షేపణ ఉంది: తెల్లదొరలు మంచి నేలల్లో ఒక పద్ధతి, చవిటి నేలల్లో ఇంకో పద్ధతి పెట్టి ఉంటే తప్పు నేలది గానీ పద్ధతిది కాదు కదా? ఏ ప్రాంతం ఏ ఏట కంపెనీ వశమైందన్న దాన్ని బట్టి బెనర్జీ, అయ్యర్ దీనికి బదులు చెప్పారు. ఏ పద్ధతి పెట్టాలన్నది చాలాచోట్ల నేలను చూసి కాక, ఆ కాలంలో చెల్లుబాటైన అభిప్రాయాన్ని బట్టి జరిగింది. తర్వాత 2013లో మరికొందరు, మధ్య పరగణాల జిల్లాల వర్గీకరణ తప్పని, ఫలితం అంత గట్టిది కాదని వాదించారు. ఆ విమర్శను తోసిపుచ్చలేం. పద్ధతికి పేరు పెట్టినంత సులభంగా దాని ప్రభావాన్ని కొలవలేం.

ఇంతకంటే బలమైన ఆక్షేపణ కరువులది. 1832-33 నాటి నందన కరువు జమీందారీ గుంటూరును ఊడ్చేసింది, సరే. 1876-78 నాటి ధాత కరువు చావుదెబ్బ కొట్టింది మాత్రం మన్రో పట్టాలిచ్చిన బళ్లారి, కడప సీమలనే. పట్టా రైతును కాపాడలేదేం? మరోపక్క 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట జమీందారీ, రైత్వారీ అని చూడకుండా గోదావరి డెల్టాను పచ్చగా చేసింది. ఇక్కడ ఒప్పుకోవలసిందేమంటే, మన్రో దస్తరం రైతును గుర్తించింది వసూలు కోసం. కరువొచ్చినప్పుడు అతనికి ఇవ్వవలసింది ఆ పుస్తకంలో లేదు. సహాయ పనుల్లో కూలివాడికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలునని, కరువు పర్యవేక్షణకు సర్కారు పంపిన రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టింది ఆ కరువులోనే. పేరు ఎక్కడం అవసరం, దానితోనే సరిపోదు. ఆ పేరుకు నీరు, అప్పు, ఆదుకోలు తోడవ్వాలి.

ఆ తోడు దొరికిన చోట ఏమవుతుందో తూర్పు ఆసియా చూపించింది. దక్షిణ కొరియా 1949 భూసంస్కరణ చట్టాన్ని సవరించి 1950లో అమలుకు దిగింది. కుటుంబానికి గరిష్ఠంగా 3 హెక్టార్లు ఉంచి మిగతాది కౌలుదార్లకు ఇచ్చింది. భూమి ఖరీదు ఏడాది పంటకు ఒకటిన్నర రెట్లు, కట్టడానికి అయిదేళ్ల గడువు. తైవాన్ 1949లో కౌలును పంటలో నూటికి 37.5 పాళ్లకు దించి, 1953లో భూమినే దున్నేవాడికి కట్టబెట్టింది. భూస్వాములకు ఇచ్చిన పరిహారంలో కొంత సర్కారీ కంపెనీల వాటాలు. వాళ్ల డబ్బు బలవంతాన పరిశ్రమ వైపు మళ్లింది. ఇది అమెరికా అండ, కమ్యూనిస్టుల భయం కలిసి చేయించిన పని గానీ సంస్థల గొప్ప కాదనేవాళ్లున్నారు. తైపేకి వలస వచ్చిన పాలకులకు ఆ దీవిలో సెంటు భూమి లేదన్నదీ నిజమే. ఎవరి భూమిని వాళ్లే పంచిపెట్టవలసి వస్తే ఏమవుతుందో మన శాసనసభలు తర్వాత చూపించాయి. కానీ సంకల్పం ఎక్కడినుంచి వచ్చినా పంచడానికి లెక్క ఉండాలి. జపాను పాలకులు 1898లో మొదలుపెట్టి తైవాన్ పొలాలన్నీ కొలిపించి పెట్టారు. అర్ధశతాబ్దం తర్వాత పనికొచ్చింది ఆ కొలతే.

మన దగ్గర మద్రాసు రాష్ట్రం 1948లో ఎస్టేట్లను రద్దు చేసింది. జమీందారు పోయాడు, కౌలుదారు మిగిలాడు. 1973 నాటి ఆంధ్రప్రదేశ్ భూపరిమితి చట్టం మాగాణి, మెట్టలను విడదీసి గీతలు గీసేసరికి చాలా కమతాలు కాగితం మీద పంపకాలై, బినామీలై కూర్చున్నాయి. చరిత్ర నుదుటిరాత కాదనడానికి మంచి సాక్ష్యం పశ్చిమ బెంగాల్. కారన్‌వాలిస్ జమీందారీ పుట్టిన ఆ నేల మీదే 1978లో ఆపరేషన్ బర్గా పేరుతో పంటలో వాటాకు సాగుచేసే కౌలుదార్లను దస్తరంలోకి ఎక్కించారు. భూమి చేతులు మారలేదు. వెళ్లగొట్టలేరన్న భరోసా, వాటాకు చట్టం హామీ వచ్చాయి. దిగుబడి పెరిగిందని 2002లో వెలువడిన అధ్యయనం చూపించింది.

తెలుగు రాష్ట్రాలు ఈ పాఠాన్ని సగం నేర్చుకున్నాయి. 2011లో కౌలుదార్లకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది. 2019లో ఆంధ్ర తెచ్చిన సాగుదారు హక్కుల చట్టం కింద పదకొండు నెలల పత్రం కావాలన్నా భూయజమాని సంతకం పెట్టాలి. పెడితే భూమి పోతుందేమోనని ఆయనకు జంకు. తెలంగాణ 2018లో ఎకరాకు సీజనుకు 4,000 రూపాయల రైతుబంధు ఇచ్చింది. డబ్బు పట్టాదారు ఖాతాలో పడింది. విత్తనం, ఎరువు, అప్పు, వడ్డీ, వాన రాకపోతే నష్టం కౌలు రైతువి. 2020లో అక్కడే ధరణి అనే ఆన్‌లైన్ భూదస్తరం వచ్చింది. అందులో పట్టాదారు గడి ఉంచారు, అనుభవదారు గడి తీసేశారు.