దివిసీమ: చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం ఒక్క చెరువు

మా అమ్మమ్మది కోడూరు వైపు ఒక పల్లె. సెలవులకి వెళ్తే అక్కడ మొదట నేర్చుకున్న సంగతి ఒకటుంది: కాళ్ళు కడుక్కునే నీళ్ళు వేరు, తాగే నీళ్ళు వేరు. పెరట్లో బోరు కొడితే నీళ్ళు ధారగా వస్తాయి, నోట్లో పోసుకుంటే ఉప్పు. తాగే బిందె ఊరి మంచినీళ్ళ చెరువు నుంచే రావాలి. ఆ చెరువులో కాలు పెట్టామా, వీపు విమానం మోతే! ఇవాళ ఆ చెరువు కథ చెప్తాను.

ఫోన్లో మ్యాప్ తెరిచి పులిగడ్డ చూడండి. అక్కడ కృష్ణ చీలుతుంది. ఆ పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న నేలే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, హంసలదీవి అన్నీ అందులోవే. నది తెచ్చిపోసిన ఒండ్రు కాబట్టి చాలాచోట్ల నేల సముద్రం కన్నా కొద్ది అడుగులే ఎత్తు.

మరి తవ్వితే మంచినీళ్ళు పడవా అంటే, ఇసుక దిబ్బల్లో పడతాయి. ఇంకిన వాననీరు తేలిక, ఉప్పునీరు బరువు. అందుకని మంచినీరు పైన తేలుతూ ఉంటుంది. దీనికి లెక్క కూడా ఉంది. భూగర్భంలో మంచినీటి మట్టం సముద్రమట్టం కన్నా మీటరు పైన ఉంటే, కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరు నిలబడగలదు. వినడానికి బావుంది కదా? తిరగేసి చూస్తే భయమేస్తుంది. మోటారు పెట్టి పై మట్టాన్ని ఒక్క అడుగు దించితే, కింద ఉప్పు నెమ్మదిగా 40 అడుగులు పైకి రాగలదు. చెలమ తవ్వి చెంబుతో ముంచుకున్న పాతకాలపు వాళ్ళకి ఈ లెక్క తెలియదు. కానీ చెంబుతో తోడితే మట్టం ఏం దిగుతుంది?

1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయింది. తర్వాత పులిగడ్డ అక్విడక్టు మీదుగా కాలువ నీరు నదీపాయని దాటి దివిసీమకి వచ్చింది. వరి కోసం తవ్వారు గానీ, జనం దాన్ని చెరువుల్లో నింపుకుని తాగారు. డెల్టాలో తాగునీటి చరిత్ర సాగునీటి వెనకాలే నడిచింది. కాలువ కట్టేస్తే చెరువే దిక్కు.

ఇక అసలు చిక్కు వాననీటితో. ఇంత పల్లపు నేల మీద పడ్డ వాన దానంతటది పోదు. పోకపోతే చేలు మునుగుతాయి, ఊరి మురుగు గట్టు దాటి చెరువులో పడుతుంది. అందుకని మురుగు కాలువలు తవ్వి సముద్రంలోకో, నదీపాయలోకో వదిలారు. 1960లలో మిత్ర కమిటీ డెల్టా మురుగు కాలువలు బాగుచేయాలని చెప్పింది, రైతులు డ్రైనేజీ సెస్సు కూడా కట్టారు. మంచి పనే. కానీ కాలువ మొగకి రెండు దిక్కులుంటాయి. ఆటులో వాననీరు బయటికి పోయే దారినే, పోటులో ఉప్పునీరు లోపలికి వస్తుంది. అందుకే మొగ దగ్గర తలుపులు. అవి తుప్పు పట్టి చిల్లులు పడితే, తుఫాను లేకుండానే ఉప్పు రోజుకి రెండుసార్లు ఊరి వైపు నడుస్తుంది. నాకు ఉప్పెన కన్నా ఇదే ఎక్కువ భయం, ఎందుకంటే దీనికి వార్తల్లో చోటు దొరకదు.

ఉప్పెనలూ చిన్నవి కావు. 1864 నవంబర్ 1 రాత్రి బందరులో సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబర్ 19న దివిసీమ. కనీసం 10,000 మంది. అమ్మమ్మ ఆ రాత్రి గురించి ఎక్కువ చెప్పేది కాదు. తర్వాతి రోజుల గురించి చెప్పేది. చెరువు నిండా నీళ్ళే, అందులో పశువులు, మనుషులు. కూలిన చెట్ల బోండాలు కొట్టుకుని గొంతు తడుపుకున్నారట. ఉప్పెక్కిన చెరువుని ముందు ఆసాంతం తోడిపారెయ్యాలి. తర్వాత కాలువ నీళ్ళు పెట్టుకోవాలి. మట్టికి పట్టిన ఉప్పు ఒక్కసారికి పోదు.

తర్వాత రొయ్యల చెరువులొచ్చాయి. ఈసారి ఉప్పునీటిని మనుషులే తెచ్చి ఊరి పక్కన నిలబెట్టారు. తీరంలో తాగునీరు ఉప్పగా మారుతోందన్న ఫిర్యాదులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి, 1996 డిసెంబర్‌లో తీర్పు వచ్చింది. రొయ్య డబ్బుతోనే పిల్లల్ని చదివించుకున్న ఇళ్ళూ నాకు తెలుసు, అందుకని ఒక్క ముక్కలో తేల్చెయ్యలేను.

పోయినేడు వెళ్ళినప్పుడు చెరువు గట్టు మీద మూడు చక్రాల బండి ఆగి ఉంది, నిండా ఇరవై లీటర్ల టిన్నులు. అమ్మమ్మ ఒకటి కొంది. కాఫీకి మాత్రం చెరువు నీళ్ళే పెట్టింది. టిన్ను నీళ్ళతో రుచి రాదట.